పుస్తకానికో పీరియడ్: ప్రాథమిక బడి గ్రంథాలయం పిల్లల్ని చదువరుల్ని చేయాలంటే

రాయపూర్‌కు ఉత్తరపు అంచున ఉన్న ఉర్లా పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇనుము. స్పాంజ్ ఐరన్ కార్ఖానాలు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ కొలుములు ఉన్న పారిశ్రామికవాడ అది. పక్కనున్న బీర్గావ్, సిల్తరాలదీ ఇంచుమించు ఇదే బతుకు. ఇక్కడ షిఫ్టుల మీద పనిచేసేవాళ్లలో స్థానిక ఛత్తీస్‌గఢీలున్నారు, బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లున్నారు. మనవాళ్లకూ ఈ వైపు కొత్త కాదు. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. అప్పటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు పని వెతుక్కుంటూ రాయపూర్‌కు, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికి తరలివచ్చి స్థిరపడ్డాయి.

ఇలాంటి పేటలో అద్దె గదిలో పెరిగే పిల్లకు ఇంట్లో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం కనిపించడం అరుదు. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్తే కథ చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆ పిల్ల చేతికి కథల పుస్తకం అందే చోటు ఏదైనా ఉందంటే అది ప్రభుత్వ ప్రాథమిక బడే. అందుకే ఆ బడిలో గ్రంథాలయం ఉందా, ఉంటే పిల్లలు వాడుతున్నారా, వాడితే నిజంగా చదువు వస్తోందా అన్న మూడు ప్రశ్నలూ ముఖ్యమైనవి. చట్టాలు, లెక్కలు, పరిశోధనలు, మన గ్రంథాలయోద్యమ అనుభవం ఈ ప్రశ్నలకు ఏం జవాబు చెబుతున్నాయో చూద్దాం.

చట్టం, డబ్బు

ప్రాథమిక బడికి పుస్తకాలు ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం గదులు, టీచర్లతోపాటు గ్రంథాలయ పుస్తకాలనూ బడికి ఉండాల్సిన కనీస సామగ్రిలో చేర్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి, అందులో వార్తాపత్రికలు, మేగజీన్లు, కథల పుస్తకాలు ఉండాలి అని చట్టం షెడ్యూలులోనే ఉంది. అంటే బడి గ్రంథాలయం ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, పిల్లల హక్కు.

2018-19 నుంచి సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. పుస్తకం సగటున 50 రూపాయలు అనుకుంటే ఏడాదికి 100 పుస్తకాలు. ఇది ఐదేళ్లు సవ్యంగా అందితే, సవ్యంగా ఖర్చయితే 500 పుస్తకాలు. చిన్న బడికి ఇది తక్కువేమీ కాదు. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, భోపాల్‌లోని ఏకలవ్య, ప్రథమ్ బుక్స్ లాంటి సంస్థలు అందుబాటు ధరల్లో మంచి హిందీ పుస్తకాలు వేస్తున్నాయి. ఒకటి, రెండు తరగతుల కోసం ఎన్‌సీఈఆర్‌టీ నాలుగు స్థాయిల్లో తెచ్చిన 40 చిన్న పుస్తకాల 'బర్‌ఖా' వరస ఉంది. ఛత్తీస్‌గఢ్ బడుల్లో 'ముస్కాన్ పుస్తకాలయ్' పేరుతో పుస్తకాల మూలలూ ఏర్పాటయ్యాయి. కాబట్టి పుస్తకం లేకపోవడమే ప్రధాన సమస్య అనే రోజులు చాలావరకు పోయాయి.

మరి వాడకం? పిల్లల చదువు ఎలా ఉందో చూసే 'అసర్' సర్వే గ్రామీణ ప్రాంతాలదే గనుక నగరపాలక పరిధిలోని పేటలకు దాన్ని ఉన్నదున్నట్టు అన్వయించలేం. అయినా దేశం ఏ దారిలో ఉందో అందులో తెలుస్తుంది. సర్వే బృందం వెళ్లిన రోజున పాఠ్యపుస్తకాలు కాని పుస్తకాలు పిల్లల చేతుల్లో కనిపించిన బడులు 2018లో సుమారు 37 శాతం, 2024లో సుమారు 51 శాతం. ఆరేళ్లలో ఇది మంచి పెరుగుదలే. కానీ సగం బడుల్లో ఆ రోజు పుస్తకం బయటికి రాలేదన్నది కూడా అదే అంకె చెబుతోంది. అదే 2024లో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. ఈ రెండు అంకెలనూ కలిపి చదువుకోవాలి. చదవడం రానివాళ్లకు గ్రంథాలయం అక్కరకు రాదు. చదవడానికి ఏమీ దొరకనివాళ్లకు చదవడం నిలవదు.

పుస్తకం బీరువాలో ఎందుకు ఆగిపోతుంది

టీచర్లతో మాట్లాడితే కారణాలు మూడు బయటపడతాయి.

మొదటిది భయం. పుస్తకాలు స్టాక్ రిజిస్టరులో ఎక్కుతాయి. ఆ రిజిస్టరు మీద సంతకం ప్రధాన్ పాఠక్‌ది, అంటే ప్రధానోపాధ్యాయుడిది. ఏడాది చివర లెక్క తేలకపోతే జవాబు చెప్పాల్సింది ఆయనే. అలాంటప్పుడు పుస్తకాన్ని ఇంటికి ఇవ్వడం కన్నా బీరువాలో పెట్టి తాళం వేయడమే క్షేమమని ఎవరికైనా అనిపిస్తుంది. దీనికి టీచరును నిందించి లాభం లేదు. మార్చాల్సింది నియమాన్ని. బడి గ్రంథాలయంలో ఏటా ఇంత శాతం పుస్తకాలు వాడకంలో అరిగిపోతాయని, పోతాయని ముందే ఒప్పుకుని, ఆ మేరకు రిజిస్టరు నుంచి తీసేసే అధికారం బడికే ఇస్తూ శాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆరేడేళ్ల పిల్లలు చదివిన పుస్తకం చిరుగుతుంది. దాన్ని నష్టం పద్దులో కాకుండా వాడకం పద్దులో రాసుకునే రోజు వస్తే సగం తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

రెండోది ఎంపిక. చాలా బడులకు పుస్తకాలు పైనుంచి మూటగా వస్తాయి. మహాపురుషుల జీవితచరిత్రలు, నీతిబోధలు, సన్న అక్షరాల విజ్ఞాన గ్రంథాలు అందులో ఎక్కువ. అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న రెండో తరగతి పిల్లకు కావాల్సింది పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, కథను నడిపే బొమ్మ. బెంగళూరులోని హిప్పోక్యాంపస్ రీడింగ్ ఫౌండేషన్ పుస్తకాలను కష్టాన్నిబట్టి ఆకుపచ్చ, ఎరుపు, నారింజ, తెలుపు, నీలం, పసుపు అనే ఆరు రంగుల్లో విభజించే పద్ధతి తెచ్చింది. పుస్తకం వీపున ఒక రంగు స్టిక్కరు అంటిస్తే చాలు, తనకు తగిన పుస్తకాన్ని పిల్ల తానే ఎంచుకోగలదు. ఖర్చు దాదాపు లేని ఈ పని బడిలో టీచరు, పై తరగతి పిల్లలు కూర్చుని ఒక పూటలో చేసుకోవచ్చు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, సమయం. ప్రాథమిక బడికి లైబ్రేరియన్ పోస్టు ఉండదు. పుస్తకాల బాధ్యత ఎవరో ఒక టీచరుకు అదనంగా అంటగడతారు. టైంటేబుల్లో గ్రంథాలయ పీరియడ్ వారానికొకటి ఉన్నా, సిలబస్ వెనకబడితే ముందు పోయేది అదే. కాగితం మీద ఉన్న ఈ పీరియడ్ నిజంగా జరిగితే ఏమవుతుందో కొన్ని దేశాల్లో కొలిచి చూశారు.

పరిశోధనలు తేల్చింది ఏమిటి

1980లో ఫిజీ దీవుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయి ఒక ప్రయోగం చేశారు. అక్కడి గ్రామీణ పిల్లలకు ఇంగ్లిషు ఇంటి భాష కాదు, బడి భాష. నాలుగు, ఐదు తరగతులకు తరగతికి సుమారు 250 బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చి, రోజూ తరగతిలోనే వాటిని చదివేలా చేశారు. ఇంగ్లిషు చదవడంలో ఆ పిల్లల ఎదుగుదల మామూలు పద్ధతిలో నేర్చుకున్న పిల్లల కన్నా దాదాపు రెట్టింపు వేగంతో సాగింది. ఇంట్లో భోజ్‌పురి, ఒడియా, తెలుగు మాట్లాడి బడిలో హిందీ చదివే ఉర్లా పిల్లల పరిస్థితి ఆ ఫిజీ పిల్లల పరిస్థితికి చాలా దగ్గర.

కానీ ఇక్కడే ఆగితే సగమే చెప్పినట్టవుతుంది. మన దేశంలోనే, బెంగళూరుకు చెందిన అక్షర ఫౌండేషన్ గ్రంథాలయ కార్యక్రమాన్ని శాస్త్రీయంగా పరీక్షించిన అధ్యయనం 2012లో వెలువడింది. గ్రంథాలయ సేవ అందిన బడుల్లోనూ అందని బడుల్లోనూ పిల్లల భాషా పరీక్షల ఫలితాలు పోల్చి చూశారు. చెప్పుకోదగ్గ మెరుగు కనబడలేదు. గ్రంథాలయాలను ప్రేమించేవాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. అయినా దాచిపెట్టకూడదు. గ్రంథాలయం ఏర్పాటు చేయడం ఒక పని, దానివల్ల పిల్లలకు చదువు వచ్చేలా చేయడం ఇంకో పని అని అది హెచ్చరిస్తోంది.

ఆ రెండో పని ఎలా ఉండాలో ఫిలిప్పీన్స్‌లో జరిగిన మరో ప్రయోగం చూపించింది. తార్లాక్ రాష్ట్రంలో నాలుగో తరగతి పిల్లలున్న 100 బడులను తీసుకుని, సగం బడులకు వయసుకు తగ్గ పుస్తకాలు ఇచ్చారు. టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 31 రోజులపాటు రోజూ తరగతిలో సుమారు గంటసేపు చదివించారు. ఈసారి చదివే శక్తి పెరిగినట్టు పరీక్షల్లో స్పష్టంగా తేలింది. అయితే కార్యక్రమం ఆగిపోయిన మూడు నెలలకు ఆ మెరుగుదలలో సుమారు సగమే మిగిలింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేలేది ఇది. ఫలితం ఇచ్చినచోట పుస్తకాలతోపాటు రోజువారీ సమయం, శిక్షణ పొందిన టీచరు ఉన్నారు. ఆ అలవాటు ఆగినచోట ఫలితం కూడా కరిగింది. ఈ సమీక్షలో ముఖ్యమైన మాట ఇదే: ప్రాథమిక బడి గ్రంథాలయానికి ప్రాణం గదిలోనో బీరువాలోనో లేదు, టైంటేబుల్లో ఉంది.

ఇంటి భాష, బడి భాష

ఉర్లా లాంటి చోట మరో చిక్కు ఉంది. ఒక్క తరగతి గదిలోనే మూడు నాలుగు ఇంటి భాషలు ఉంటాయి. పుస్తకం మాత్రం ఎప్పుడూ హిందీలోనే ఉంటుంది. చిన్నప్పుడు ఇంటి భాషలో చదవడం మొదలుపెట్టిన పిల్లలు తర్వాత రెండో భాషను బాగా పట్టుకుంటారన్నది విద్యావేత్తలు విస్తృతంగా అంగీకరించిన విషయం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 గణతంత్ర దినోత్సవం నాడు ప్రాథమిక తరగతుల్లో స్థానిక భాషలకు చోటిస్తామని ప్రకటించింది. ఆ తర్వాత పిల్లల ఇంటి భాషలేమిటో తెలుసుకునేందుకు బడుల వారీగా సర్వే కూడా జరిపించింది. ఛత్తీస్‌గఢీ, గోండీ, హల్బీ లాంటి భాషల్లో చదివే సామగ్రి తయారైంది.

ఇది బస్తర్ లాంటి గిరిజన ప్రాంతంలో ఎంత అవసరమో పారిశ్రామికవాడలోనూ అంతే అవసరం. కాకపోతే ఇక్కడ ఏ ఒక్క భాషలోనో బోధన సాధ్యం కాదు. బోధన చేయలేని పనిని గ్రంథాలయం చేయగలదు. ఒక భాషలో పాఠం చెప్పాలంటే టీచరు కావాలి, సిలబస్ కావాలి. ఒక భాషలో పది పుస్తకాలు పెట్టడానికి అరలో జానెడు చోటు చాలు. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్' వేదికలో ఒకే కథ హిందీలోనూ తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా దొరుకుతుంది. అచ్చు తీయించుకోవచ్చు కూడా. తెలుగులో చిన్నపిల్లల పుస్తకాలు వేస్తున్న సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' లాంటి ప్రచురణ సంస్థలున్నాయి. రాయపూర్, భిలాయిలలోని తెలుగు కుటుంబాల పిల్లలు మాట్లాడగలిగినా చదవలేని స్థితికి వచ్చారన్న బాధ మనవాళ్లలో తరచూ వినిపిస్తుంది. దానికి మొదటి మందు బడి గ్రంథాలయంలో ఒక తెలుగు అర.

మన ఉద్యమం నేర్పిన పాఠం

తెలుగువాళ్లకు గ్రంథాలయోద్యమం గొప్ప వారసత్వం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య, ఆయన మిత్రుల చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఊరి జనం గ్రంథాలయానికి వస్తారని ఆయన కూర్చోలేదు, పుస్తకాలనే రేవురేవుకూ తీసుకెళ్లారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని, పాఠకుడి సమయం వృథా కాకూడదని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అచ్చయిన తన ఐదు సూత్రాల గ్రంథంలో శాస్త్రంగా చెప్పినదాన్ని మన ఉద్యమకారులు ఊళ్లలో చేసి చూపించారు.

ఈ మధ్య కాలంలో ప్రభుత్వాలు చదువు కోసం ప్రచారోద్యమాలు నడిపాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం' మొదలైంది. 2022 జనవరి 1న కేంద్రం 'పఢే భారత్' పేరుతో 100 రోజుల పఠన కార్యక్రమం ప్రారంభించింది. తెలంగాణలో అదే ఏడాది ఫిబ్రవరిలో 'రీడ్' కార్యక్రమం వచ్చింది. ఇవి బీరువాలు తెరిపించాయి, టీచర్లలో కదలిక తెచ్చాయి. ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ 31 రోజుల కార్యక్రమం ముగిశాక తార్లాక్‌లో ఏమైందో చూశాం. వంద రోజుల ఊపు నూటొకటో రోజున టైంటేబుల్లో పీరియడ్‌గా స్థిరపడకపోతే ఖర్చంతా ఫోటోలకే మిగులుతుంది.

ఇక రాయపూర్ నగరానికే ఒక మంచి ఆదర్శం ఉంది. 2018లో ప్రారంభమైన నలందా పరిసర్ రాత్రింబవళ్లు తెరిచి ఉండే గ్రంథాలయం. పోటీపరీక్షలకు చదివే వేలాది యువతీయువకులకు అది ఆసరా. అదే పద్ధతిలో రాష్ట్రంలోని ఇతర పట్టణాల్లోనూ కట్టాలని ప్రభుత్వం పూనుకుంది. ఇరవై ఏళ్ల వయసువాళ్ల చదువు కోసం ఇంత పట్టుదల చూపిన రాష్ట్రం ఏడేళ్ల వయసువాళ్ల చదువు కోసం అందులో కొంతైనా చూపాలి. ఏడేళ్లప్పుడు చదవడం రాని పిల్ల ఇరవై ఏళ్లకు నలందా గడప తొక్కదు.

రోజుకు ముప్పావు గంట ఎలా గడవాలి

మంచి గ్రంథాలయ పీరియడ్ ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. గదిలో రెండు గోడల మధ్య తాడు కట్టి, పుస్తకాలను మధ్యకు తెరిచి, అట్ట బయటికి కనిపించేలా ఆరేస్తారు. పిల్ల పుస్తకాన్ని ఎంచుకునేది అట్ట చూసే గనుక ఇది చిన్న విషయం కాదు. మొదటి పదిహేను నిమిషాలు టీచరు చాప మీద పిల్లల మధ్యే కూర్చుని ఒక పుస్తకం గట్టిగా చదువుతుంది. ముందు అట్ట చూపించి ఇందులో ఏం జరగబోతోందని అడుగుతుంది. పిల్లలు తమ తమ భాషల్లో జవాబు చెబుతారు. ఏ భాషనూ తప్పు పట్టదు. వాళ్లన్నదాన్నే హిందీలో ఒక వాక్యంగా తిరిగి చెప్పి పేజీ తిప్పుతుంది. వేలితో వాక్యం కింద గీత గీస్తున్నట్టు చూపిస్తూ చదువుతుంది. నోటి మాటకూ కాగితం మీద అక్షరానికీ ఉన్న సంబంధం ఒకటో తరగతి పిల్లకు మొదట అక్కడే తెలుస్తుంది. కథ మధ్యలో నీతి చెప్పదు. చివర పరీక్ష పెట్టదు.

తర్వాతి ఇరవై నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్లది. చదవగలిగినవాళ్లు ఒంటరిగానో జంటగానో చదువుతారు. రానివాళ్లు బొమ్మలు చూస్తూ కథ అల్లుతారు. ఐదో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లాడికి చదివి వినిపిస్తుంది. ఈ సమయంలో టీచరు కూడా తన పుస్తకం చదవాలి. పెద్దవాళ్లు ఇష్టంగా చదవడం చూడకుండా పిల్లలకు అది ఇష్టమైన పని అని ఎలా తెలుస్తుంది? చదవడం బొత్తిగా రాని నలుగురైదుగురిని మాత్రం వారంలో రెండు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరాలు, గుణింతాలు దిద్దించాలి. గ్రంథాలయం ఆ పనికి ప్రత్యామ్నాయం కాదు.

చివరి పది నిమిషాలు ఇష్యూ రిజిస్టరుకు. ఇది పిల్లలే రాయాలి. తన పేరు, పుస్తకం పేరు, తేదీ. రెండో తరగతి పిల్ల వంకర అక్షరాలతో రాసిన ఆ వరస ఆమె రాత సాధన కూడా. నెల తిరిగాక ఆ రిజిస్టరు పేజీలు తిరగేస్తే ఎవరు ఏమీ తీసుకెళ్లలేదో, ఏ పుస్తకం పదిసార్లు తిరిగిందో టీచరుకు కళ్లకు కడుతుంది. వచ్చే ఏడాది గ్రాంటుతో ఏం కొనాలో ఆ పేజీలే చెబుతాయి. తనిఖీకి వచ్చే సంకుల్ (బడుల సముదాయం) సమన్వయకులు స్టాక్ రిజిస్టరు కన్నా ముందు ఈ రిజిస్టరు అడగాలి. ఏది అడిగితే బడి అదే చేస్తుంది.

పుస్తకం ఇంటికి వెళ్లడం మాత్రం మానకూడదు. చదువురాని తల్లికి కూతురు కథ చదివి వినిపించే ఇంట్లో పుస్తకానికి గౌరవం దానంతటదే వస్తుంది.

ఎవరి పని వారు

విద్యాశాఖ ఇవ్వాల్సింది రెండు ఉత్తర్వులు. అరిగిన, పోయిన పుస్తకాలకు టీచరును బాధ్యుణ్ణి చేయకూడదని ఒకటి. రోజుకొక పఠన పీరియడ్‌ను సిలబస్ కోసం తీసుకోకూడదని ఇంకొకటి. నిపుణ్ భారత్ పేరుతో కేంద్రం 2021లో పెట్టుకున్న లక్ష్యం ప్రకారం 2026-27 కల్లా మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలి. ఈ రెండు ఉత్తర్వులు లేకుండా ఆ లక్ష్యం చేరడం కష్టం.

తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన చోటు బడి నిర్వహణ కమిటీ. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. గ్రాంటు ఎప్పుడొచ్చింది, ఏ పుస్తకాలు కొన్నారు, మా పిల్ల ఏ పుస్తకం తెచ్చుకుంది అని అక్కడ అడిగే హక్కు వాళ్లకుంది.

ఉర్లా, సిల్తరాల కార్ఖానాల్లో చట్టం ప్రకారం లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సినవి ఉంటాయి. విద్య ఆ జాబితాలో ఉంది. బడికి రంగులు వేయించి శిలాఫలకం పెట్టడం కన్నా, నాలుగైదు బడులకు కలిపి ఒక పూర్తికాలపు గ్రంథాలయ కార్యకర్త జీతం భరించడం ఎక్కువ మేలు చేస్తుంది. తమ దగ్గర పనిచేసే కార్మికుల పిల్లలే కదా ఆ బడుల్లో ఉన్నది.

ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుంచి 'న్యోతా భోజ్' అనే మంచి ఆనవాయితీ నడుస్తోంది. పుట్టినరోజుకో పండక్కో ఎవరైనా బడి పిల్లలకు భోజనం పెట్టవచ్చు. ఆ భోజనంతోపాటే బడికి రెండు పుస్తకాలు ఇచ్చే అలవాటు కలిపితే ఏ పథకమూ అక్కర్లేకుండా అర నిండుతుంది. రాయపూర్, భిలాయిలలోని తెలుగు సంఘాలకు నా విన్నపం ఇదే. ఉగాదికీ సంక్రాంతికీ మనం పెట్టుకునే సభల ఖర్చులో కొంత తీసి, మన పిల్లలు చదువుతున్న ప్రభుత్వ బడికి ఇరవై తెలుగు పుస్తకాలు, ఇరవై హిందీ పుస్తకాలు కొనివ్వండి. ఇచ్చి ఊరుకోవద్దు. వారానికి ఒక పూట చదవడం వచ్చిన ఒక మనిషిని కూడా పంపండి. పుస్తకాన్ని చదివి వినిపించే గొంతు ఉంటేనే బడి గ్రంథాలయం పనిచేస్తుంది.